వీలునామా ఎక్కడుందో తెలిసే ఏర్పాటు కావాలి

సంపాదకులకు,

మా నాన్నగారు పోయి మూడేళ్లయింది. "అంతా రాసి పెట్టాను, మీరు కొట్టుకోనక్కర్లేదు" అని ఆయన మా ముగ్గురితోనూ చాలాసార్లు అన్నారు గానీ, ఆ రాసిన కాగితం ఎక్కడ పెట్టారో ఎవరికీ చెప్పలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు ఇనుప బీరువా తెరిస్తే పాత పంచాంగాల మధ్య ఇంటి పన్ను రసీదులు, ఎరువుల కొట్టు బిల్లులు, ఎప్పుడో తీరిపోయిన సొసైటీ అప్పు కాగితాలు, వాటి అడుగున వీలునామా చివరి పేజీ జిరాక్సు ఒక్కటి దొరికాయి. అందులో నాన్నగారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. ఎవరికి ఏమి రాశారో తెలిపే ముందు పేజీలు లేవు. ఆ సాక్షుల్లో ఒకరు నాన్నగారి కంటే ముందే కాలం చేశారు. రెండో ఆయనకు సంతకం పెట్టిన సంగతి తప్ప లోపల ఏముందో తెలియదు.

ఆనాటి నుంచి మా మధ్య నలుగుతున్న ప్రశ్న, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందని. చివరి రెండేళ్లూ నాన్నగారిని కనిపెట్టుకుని ఉన్న మా చెల్లెలి దగ్గరే ఉంది. ఇల్లు దానికే ఇస్తానని ఆయన అనడం నేను చెవులారా విన్నాను. తనకు ఇల్లు దక్కే కాగితాన్ని తానే ఎందుకు దాచుకుంటుందని ఆలోచించకుండా, బంధువులందరూ దాన్నే అనుమానిస్తున్నారు. తమ్ముడు పంపకాల దావా వేశాడు. వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా వస్తుంది కనుక వాడి వాదనకూ బలముంది.

పోయిన వీలునామాకు చట్టంలో దారి లేకపోలేదు. నకలు గానీ చిత్తుప్రతి గానీ మిగిలి ఉంటే దానిపై ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, ఇవ్వడానికి 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 237వ సెక్షను, అవి కూడా లేనప్పుడు సాక్ష్యంతో అందులోని విషయం రుజువు చేసుకోవడానికి 238వ సెక్షను వీలు కల్పిస్తున్నాయి. అయితే వీలునామా చివరి దాకా తండ్రి దగ్గరే ఉండి, ఆయన పోయాక కనబడకపోతే, మనసు మార్చుకుని ఆయనే చింపేశారని కోర్టు భావించే అవకాశం కూడా ఉంది. అలా జరగలేదని చూపవలసిన భారం మా చెల్లెలి మీద పడింది. చేతిలో ఉన్నది ఒక్క పేజీ.

ఇంతా జరిగాక తెలిసిన విషయం ఒకటి ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 42వ సెక్షను ప్రకారం వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచవచ్చు. రాసినవారు పోయాక వారసులు దరఖాస్తు చేసుకుంటే రిజిస్ట్రారు వారి ఎదుటే కవరు విప్పి, అందులోని విషయాన్ని వీలునామాల కోసం ఉంచే రిజిస్టరైన మూడో పుస్తకంలో నకలు రాయించి, అసలును మళ్లీ భద్రపరుస్తారు. మంచం పట్టిన పెద్దవారైతే, తగిన కారణం చూపితే అధికారి ఇంటికే వచ్చి తీసుకోవచ్చు. దస్తావేజు రాసినవారు గానీ ఊళ్లో పెద్దలు గానీ నాన్నగారికి ఈ మాట చెప్పిన పాపాన పోలేదు. చెప్పి ఉంటే అసలు కాగితం ఈరోజు క్షేమంగా ఉండేది.

రిజిస్టరు చేయించారేమోనన్న ఆశతో ఈసీ, అంటే ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించాము. ఈసీ భూమి, ఇళ్ల దస్తావేజులుండే ఒకటో పుస్తకం నుంచి వస్తుంది, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, కనుక ఈసీలో వీలునామా కనబడదని అక్కడి గుమాస్తా చెప్పేదాకా మాకు తెలియదు. భూమి దస్తావేజులా కాకుండా వీలునామాను రాష్ట్రంలో ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనైనా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ సౌకర్యమే వారసులకు చిక్కుముడి అయింది. తండ్రి ఏ ఊళ్లో చేయించారని వెతకాలి? మేము మూడు ఊళ్లు తిరిగాము.

రాసినవారు మరణించాక మూడో పుస్తకంలోని నకలును అడిగినవారికి ఇవ్వాలని చట్టమే చెబుతున్నప్పుడు, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసిన ఒక్క దరఖాస్తుతో రాష్ట్రంలోని అన్ని కార్యాలయాల మూడో పుస్తకాలలోనూ, సీలు కవరుల జాబితాలోనూ ఆ పేరు వెతికి చెప్పే ఏర్పాటును రిజిస్ట్రేషన్ శాఖ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేయాలని కోరుతున్నాను. మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చేటప్పుడే ఈ దరఖాస్తు సంగతి కూడా కుటుంబానికి తెలియజేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి