స్లైడు ట్రాంబోన్ పట్టిన తమ్ముడికి

న్యూ ఆర్లీన్స్

తమ్ముడూ,

మీ బ్యాండు మేళంలోకి స్లైడు ట్రాంబోన్, అంటే స్లైడు అనే జారే గొట్టమున్న ఇత్తడి బూర, వచ్చిందని అమ్మ చెప్పింది. ముందు ఎవరిని వినాలని అడిగావట. పాతకాలపు జాజ్ ట్రాంబోన్ వాద్యకారుడు కిడ్ ఓరీని విను. అసలు పేరు ఎడ్వర్డ్ ఓరీ. 1886 క్రిస్మస్ రోజున, ఈ ఊరికి ఎగువన లాప్లేస్‌లో, ఉడ్‌ల్యాండ్ చెరకు తోటలో పుట్టాడు. 1811లో బానిసల తిరుగుబాటు మొదలైన తోట అదే. చిన్నప్పుడే వాయిద్యాలు చేత్తో చేసుకుని బ్యాండు కట్టాడు.

అప్పట్లో ఇక్కడ డాన్సుల ప్రచారానికి బ్యాండును బండెక్కించి వీధులు తిప్పేవాళ్లు. స్లైడు చాపితే ముందువాడి వీపుకు తగులుతుందని ట్రాంబోన్ వాడిని బండి చివర, వెనక తలుపు దించి కూర్చోబెట్టేవాళ్లు. ఆ తలుపు పేరే బాణీకి పడింది: టెయిల్‌గేట్. ట్రంపెట్ లాంటి చిన్న బూర కార్నెట్ పాట నడుపుతుంది, క్లారినెట్ పైన అల్లుతుంది. ఓరీ కింద ఆనుకుని, కార్నెట్ ఊపిరి పీల్చే సందులో ఒక్క జారుడు జారి తర్వాతి స్వరానికి అందిస్తాడు. ఎక్కువ స్వరాలు వాయించడు. నాకు ఆయనలో నచ్చేది అదే.

ఆ జారుడుకు ఒక హద్దుంది. స్లైడుకు ఏడు స్థానాలు, ఒక్కో స్థానం బయటికి వెళ్తే అర స్వరం తగ్గుతుంది. బయటికి పోయేకొద్దీ స్థానాల మధ్య దూరం పెరుగుతుంది. బి ఫ్లాట్ స్వరాన్ని సా అనుకో. మొదటి స్థానంలో పెదవి బిగువు మార్చితే సా, దాని పైన పా పలుకుతాయి. పా నుంచి ఏడో స్థానం దాకా చాపితే శుద్ధ రిషభం వస్తుంది, అంతే. ఇక సా కావాలంటే స్లైడు మొత్తం లోపలికి లాగి, పెదవి మార్చాలి. అక్కడ జారుదామంటే తెగుతుంది. ఓరీ జారుళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో గమనించు, ఈ లెక్క చెవికే తెలుస్తుంది.

కార్నెట్ వాయించే కింగ్ ఆలివర్, ఆయన వెళ్లాక ఇరవై కూడా నిండని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఓరీ బ్యాండులోనే వాయించారు. 1919లో ఓరీ లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. 1922లో అక్కడ ‘ఓరీస్ క్రియోల్ ట్రాంబోన్’ రికార్డు చేశాడు. 1925లో షికాగో చేరి ఆర్మ్‌స్ట్రాంగ్ ఐదుగురి బృందం హాట్ ఫైవ్‌లో కలిశాడు. కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్, పియానో, బాంజో, అంతే. డ్రమ్ము లేదు, బాస్ లేదు. కింది బరువు చాలావరకు ఓరీ మీదే. 1926 నాటి ‘మస్క్రాట్ రాంబుల్’లో అది బాగా తెలుస్తుంది. 1927లో హాట్ ఫైవ్‌తో ‘ఓరీస్ క్రియోల్ ట్రాంబోన్’ మళ్లీ వాయించాడు. రెండూ పక్కపక్కన పెట్టి విను.

1930లలో పని దొరక్క వాయిద్యం పక్కనపెట్టి కోళ్లు పెంచాడు. 1944లో సినిమా దర్శకుడు ఆర్సన్ వెల్స్ రేడియో కార్యక్రమంతో మళ్లీ వెలుగులోకి వచ్చాడు. 1973లో హొనొలులూలో పోయాడు.

ఒక్క జాగ్రత్త. స్లైడుకు లాకు వేయకుండా ట్రాంబోన్ ఎత్తకు. బయటి గొట్టం జారి పడితే సొట్టపోతుంది, చిన్న సొట్ట చాలు పట్టేయడానికి. లాకు తీసి, కింద చెయ్యి అడ్డుపెట్టి నిలువుగా పట్టుకుంటే తన బరువుకే దిగాలి. మధ్యలో ఆగితే లోపలి గొట్టాలు తుడిచి, స్లైడు క్రీము పలచగా రాసి, నీళ్లు చిలకరించు. అప్పటికీ ఆగుతుంటే రిపేరు మేస్త్రీకి ఇవ్వు, బలవంతంగా లాగకు.

అమ్మానాన్నలకు నమస్కారాలు.

అక్క