పౌర వ్యవహారాల ఉపసంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, తెలుగు బడి వివరాలు సాంస్కృతిక విభాగం నివేదికలోనూ, జమాఖర్చులు కోశాధికారి నివేదికలోనూ ఉన్నాయి. మా ఉపసంఘం ఈ ఏడాది దాదాపుగా ఒకే పని మీద కూర్చుంది. మన ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్ తెచ్చిన బిల్లులు, వేసిన ఓట్లు చదివి, తెలుగులో చిన్న పత్రంగా సభ్యులకు అందించడమే ఆ పని.

2026లో పోటీ చేయబోనని ఆయన ఏప్రిల్‌లో ప్రకటించారు. 1983 నుంచి ప్రతినిధుల సభలో, 1997 నుంచి సెనేట్‌లో ఉన్న నాయకుడు కదా, మన వాట్సాప్ బృందం వెంటనే రెండుగా చీలింది. గ్రీన్ కార్డులకు అడ్డుపడింది ఆయనే అని కొందరు, వలస వచ్చినవారి పక్షాన ఇంతకాలం నిలబడింది ఆయనే అని కొందరు. ఇరుపక్షాలకూ కోపం ఉంది, ఆధారాలు మాత్రం ఎవరి చేతిలోనూ లేవు. అందుకే రికార్డు తెరిచాం.

పేరు పిలిచి వేయించిన ఓట్లు వెతకడం తేలికే, సెనేట్ వెబ్‌సైట్‌లో అన్నీ ఉంటాయి. 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానం 77–23తో నెగ్గింది, ఆ 23 మందిలో డర్బిన్ ఒకరు. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి పత్రాలు లేకుండా పెరిగిన పిల్లల కోసం 2001లో రిపబ్లికన్ ఆరిన్ హ్యాచ్‌తో కలిసి ఆయన తెచ్చిన డ్రీమ్ బిల్లు, 2010 డిసెంబరులో 55–41 దగ్గర ఆగిపోయింది. మెజారిటీ ఉంది, చర్చ ముగించడానికి కావలసిన 60 లేవు. ఆయన తల్లి రెండేళ్ల పాపగా లిథువేనియా నుంచి వచ్చినవారు. ఆ బిల్లును ఆయన ఇన్నేళ్లుగా వదలకపోవడానికి అదీ ఒక కారణం అనుకుంటున్నాం. విమానాల్లో సిగరెట్ పొగ లేకుండా హైదరాబాద్ వెళ్లి వస్తున్నామంటే అందులోనూ ఆయన చేయి ఉంది. రెండు గంటల లోపు ప్రయాణాల్లో పొగతాగడాన్ని నిషేధించాలని 1987లో ఆయన పెట్టిన సవరణ 198–193తో గట్టెక్కింది. నిషేధం అక్కడి నుంచే విస్తరిస్తూ వచ్చింది.

అసలు చిక్కు మనందరికీ కావలసిన గడి దగ్గర వచ్చింది. మా పట్టికలో ‘ఎస్.386’ అనే వరుస ఒకటి ఉంది. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే సుమారు 1,40,000 గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితిని తీసేయడానికి యూటా సెనేటర్ మైక్ లీ తెచ్చిన బిల్లు అది. ఇలాంటి బిల్లే ప్రతినిధుల సభలో 2019 జులైలో 365–65తో నెగ్గింది. సెనేట్‌లో డర్బిన్ ఓటు ఏమిటని వెతికితే గడి ఖాళీ! అసలు ఓటింగే జరగలేదు. ఏకగ్రీవ సమ్మతితో ఆమోదించమని లీ అడిగారు, డర్బిన్ లేచి అభ్యంతరం చెప్పారు. ఒక్కరు కాదంటే చాలు, ఆ దారి మూసుకుపోతుంది. ఇదంతా సభా కార్యక్రమాల ప్రతిలో ఉంటుంది తప్ప ఓట్ల జాబితాలోకి ఎక్కదు.

ఒక సభ్యుడు ఆ గడిలో ‘వ్యతిరేకం’ అని రాసేశారు. మరొకరు కొట్టేశారు. ఎందుకంటే ఇదే డర్బిన్ 2013లో ఎనిమిది మంది సెనేటర్ల బృందంలో ఒకరిగా సమగ్ర వలస బిల్లు రాశారు. 68–32తో సెనేట్ దాటిన ఆ బిల్లులో ఇదే పరిమితిని ఎత్తివేసే నిబంధన ఉంది, ఆయన అనుకూలంగానే ఓటు వేశారు. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రమే తీసేస్తే మిగతా దేశాలవారు వరుసలో వెనక్కి పోతారన్నది 2019లో ఆయన వాదన. సంఖ్య పెంచి, భార్యాపిల్లలను లెక్కలోంచి తప్పించే బిల్లు ఆయనే వేరుగా తెచ్చారు. ఆ డిసెంబరులో లీతో రాజీకి వచ్చారు. తర్వాత ఫ్లోరిడా సెనేటర్ రిక్ స్కాట్ అడ్డుపడ్డారు. చివరికి 2020 డిసెంబరు 2న సవరణలతో ఏకగ్రీవంగా ఆమోదం పొందినా, రెండు సభల బిల్లులూ ఒకటి కాకముందే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. ఇంత కథను ఒక్క గడిలో ఎలా కుదిస్తాం? దాని కోసం పత్రంలో ఒక పేజీ మొత్తం కేటాయించాం.

ఆ పేజీ ఇరుపక్షాలకూ రుచించలేదు. మా అభిప్రాయం అడిగితే, ఆయన వాదనలో తర్కం ఉంది. కానీ సంఖ్య పెంచడానికి సెనేట్‌లో ఓట్లు లేవని తెలిసి కూడా దాని కోసం పట్టుబట్టినప్పుడు, ఆ నెలల మూల్యం చెల్లించింది మనవాళ్లే. విదేశీ నిపుణులకు ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్1బీ నిబంధనలు బిగించాలని అయోవా సెనేటర్ గ్రాస్లీతో కలిసి డర్బిన్ 2007 నుంచి తెస్తున్న బిల్లును ఈ సెప్టెంబరులో మళ్లీ ప్రవేశపెట్టారు. అదీ పత్రంలో చేర్చాం.

హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్4 వీసా మీద పెరిగి 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోతున్న పిల్లల గురించి చాలామంది అడిగారు. చిన్నప్పుడు వచ్చి పత్రాలు లేకుండా పెరిగినవారిని దేశం నుంచి పంపేయకుండా ఆపే 2012 నాటి డాకా వీరికి వర్తించదు. ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేనివారికే అది దక్కింది; నియమం ప్రకారం ఉండడమే మన పిల్లలకు అడ్డయింది. వీరి కోసం 2021లో సెనేటర్లు పాడియా, ర్యాండ్ పాల్ కలిసి తెచ్చిన బిల్లు ఓటింగ్ దాకా రాలేదు.

ఓటు చూసి తొందరపడవద్దని మరో హెచ్చరిక కూడా ముద్రించాం. 2013 ఏప్రిల్‌లో తుపాకుల కొనుగోలుదారుల నేపథ్య తనిఖీ సవరణకు 54–46తో మెజారిటీ వచ్చినా, కావలసిన 60 లేక వీగిపోయినప్పుడు ‘కాదు’ అన్నవారిలో దాన్ని సమర్థించిన సెనేట్ మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ కూడా ఉన్నారు. ఓడిన పక్షాన కాక నెగ్గిన పక్షాన ఓటు వేసినవారికే పునఃపరిశీలన కోరే హక్కు ఉంటుంది మరి.

‘మార్కులు ఎందుకు వేయలేదు, ఎవరికి ఓటు వేయాలో చెప్పరా’ అని కొందరు అలిగారు. మనది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ. ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు. గ్రీన్ కార్డు ఒక్కటే కాక యుద్ధం, ఆరోగ్యం, న్యాయవ్యవస్థ అన్నీ చేర్చడానికి ఇదీ కారణం. ఇంకో సంగతి: ఈ విషయంలో ఎక్కువ మండిపడ్డవారికి ఓటు లేదు, ఓటున్నవారిలో చాలామందికి కార్డు ఏనాడో వచ్చేసింది. సమావేశానికి మొదటి వర్గమే ఎక్కువగా వచ్చింది. రెండో వర్గం భోజనాల వేళకు అందుకుంది.

డర్బిన్ ఖాళీ చేసే స్థానానికి ఇల్లినాయ్ ప్రాథమిక ఎన్నిక 2026 మార్చి 17న జరుగుతుంది. పౌరులైన సభ్యులు నమోదు సరిచూసుకోండి. పెద్దవారికి సాయం కావాలంటే సంక్రాంతి సంబరాల్లో మా బల్ల దగ్గరకు రండి, పత్రం ప్రతులు కూడా అక్కడే దొరుకుతాయి. వచ్చే ఏడాది అభ్యర్థుల పాత రికార్డులు ఇదే పద్ధతిలో చదవాలి. సభా కార్యక్రమాల ప్రతులు ఓపికగా చదవగలిగినవారు ముగ్గురు నలుగురు ముందుకు వస్తే ఫిబ్రవరిలోనే పని మొదలుపెడతాం.

– ఉపసంఘం కార్యదర్శి