నాన్న ఆపరేషన్‌కి సాయపడిన మీకందరికీ, నేనెప్పుడూ చూడని ఒక సర్జన్‌కి కూడా

అందరికీ నమస్కారం. నాన్నకి మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ అప్పుడు పొట్ట మీద సంచి కోసం తాత్కాలికంగా పెట్టిన రంధ్రాన్ని (స్టోమా) మూసే ఆపరేషన్ అయి నిన్నటికి మూడు నెలలు నిండాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామనుకుంటూనే ఇన్నాళ్లు గడిచాయి. మాట్లాడబోతే గొంతు పట్టేస్తోంది, అందుకే రాస్తున్నాను.

నిరుడు సంక్రాంతి ముందు నుంచే నాన్నకి విరేచనంలో నెత్తురు పడేది. మొదట చూసిన డాక్టరు మొలలన్నారు. వేలితో పరీక్ష కూడా చేయకుండా ఏడు నెలలు పూతమందు రాసిచ్చారు. ఆ ఏడు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా నెత్తురు పడుతుంటే మొహమాటపడకుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి అడగండి.

హైదరాబాద్‌లో ఆ పరీక్ష చేస్తే మలాశయంలో గడ్డ కనిపించింది, మలద్వారానికి ఆరు సెంటీమీటర్ల పైన. నాన్న ముందు అడిగింది ఒకటే. "నేనిక జన్మంతా పొట్టకి సంచి తగిలించుకుని తిరగాలా అమ్మా?"

సర్జన్ మేడమ్ కాగితం తీసుకుని బొమ్మ గీశారు. మలాశయం చుట్టూ కొవ్వు పొర ఉంటుందట, అందులో లింఫ్ గ్రంథులు ఉంటాయట. క్యాన్సర్ కణాలు మొదట పాకేది అక్కడికే. పాతరోజుల్లో సర్జన్లు లోపల చేత్తో తడుముతూ విడదీసేవారు. పొర చిరిగి ముక్కలు మిగిలిపోయేవి, క్యాన్సర్ అక్కడే మళ్లీ పుట్టేది. "బత్తాయి తొనని పైపొర చిట్లకుండా ఒలుస్తారు కదా బాబాయ్ గారూ, అలా మొత్తంగా తీస్తాం" అన్నారు. నాన్నకి అర్థమైపోయింది.

ఆ పద్ధతి ఎక్కడిదని అడిగితే బిల్ హీల్డ్ అనే సర్జన్ పేరు చెప్పారు. ఇంటికొచ్చి దొరికినంతా చదివాను. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో ఆయన 1978 నుంచి ఇలా చేస్తూ, 1982లో దాని గురించి రాశారు. 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 115 మంది పేషెంట్ల లెక్క బయటపెట్టారు. ఐదేళ్లలో అదే చోట క్యాన్సర్ తిరిగొచ్చే అవకాశం 3.7 శాతం! అప్పట్లో చాలా ఆసుపత్రుల్లో ఇది 20 శాతం దాటేది. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. కంటికి కనిపించేలా, ఓపిగ్గా కోయడం, ఆ తర్వాత ఒక్కో పేషెంట్‌నీ ఏళ్ల తరబడి వదలకుండా కనుక్కోవడం, అంతే. ఆ విద్యని ఆయన తన దగ్గరే ఉంచుకోలేదు, దేశదేశాలు తిరిగి నేర్పారు. 1990లలో స్టాక్‌హోమ్ సర్జన్లకి శిక్షణ ఇచ్చాక అక్కడ మలద్వారం తీసేసి శాశ్వతంగా సంచి పెట్టాల్సిన కేసులు 55-60 శాతం నుంచి 27 శాతానికి తగ్గాయి. ఆ అంకె చదివినప్పుడు నాన్న అడిగిన ప్రశ్నే నాకు గుర్తొచ్చింది. ఆయనెవరో, మేమెవరమో. నాన్నకి సంచి కొన్ని నెలలతో పోయిందంటే అందులో ఆయన చెయ్యి కూడా ఉంది. హీల్డ్ గారూ, మీకు మా ఇంటిల్లిపాది దండాలు.

ఇక మా మేడమ్. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ముందు రేడియేషన్, మాత్రలు, తర్వాత ఆపరేషన్, ఏ రోజూ విసుక్కోకుండా మా టెన్షనంతా భరించారు. ఆవిడ దగ్గరో రిజిస్టర్ ఉంది, ఆపరేషన్ చేసిన ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉంటుంది. డిశ్చార్జ్ రోజున "బాగుంటే కూడా ఫోన్ చేయాలి. బాగున్నవాళ్లు చెప్పకపోతే నా లెక్క తప్పుతుంది" అన్నారు.

రక్తం ఇచ్చిన నలుగురు తమ్ముళ్లకీ, సంచి మార్చడం అమ్మకి చెయ్యి పట్టుకుని నేర్పించిన సిస్టర్ గారికీ, హైదరాబాద్‌లో నెలన్నర మమ్మల్ని ఇంట్లో పెట్టుకుని నాన్నకి పథ్యం వండిపెట్టిన పిన్నికీ, బాబాయికీ మేం రుణపడిపోయాం. పిన్నీ, నువ్వు పెట్టిన మెత్తటి పెరుగన్నం గురించి నాన్న ఇప్పటికీ చెబుతారు.

నిన్న మేడమ్‌కి నాన్నే స్వయంగా ఫోన్ చేశారు. "నెత్తురు లేదమ్మా, నొప్పి లేదు. రోజుకి నాలుగైదు సార్లు వెళ్లాల్సొస్తోంది, రాత్రి ఒకసారి లేస్తున్నాను. పొలానికి మాత్రం నడిచే వెళ్తున్నాను. రాసుకో తల్లీ" అన్నారు. అవతల ఆవిడ పేజీ తిప్పిన చప్పుడు స్పీకర్‌లో నాకు వినిపించింది.