కొసరు కరివేపాకు

ఒరేయ్,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చాయిరా, ఏం సాధించాను?" అన్నావు చూడు, ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. అప్పటికేదో సర్దిచెప్పాను గానీ నాకు మనసొప్పలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

నీకంటే రెండేళ్ళు వెనక చేరినవాడు నీకే మేనేజర్ అయ్యాడంటే కష్టంగానే ఉంటుంది. కాదనను. కానీ నువ్వు జీతం మాట ఒక్కసారే ఎత్తావు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏమనుకుంటారో, అత్తారింట్లో ఏమనుకుంటారో అని మాత్రం నాలుగైదు సార్లు అన్నావు. ఆ 'నలుగురూ' మనిషిని ఎంత కాల్చుకుతింటారో నాకు తెలుసురా.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మార్చిలో నాకు ఆఫీసులో అవార్డు వచ్చింది, గుర్తుందా? శాలువా కప్పించుకున్న ఫోటో పెట్టాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎవరెవరు లైక్ కొట్టారో చూసుకుంటూ కూర్చున్నాను. మా బాస్ ఇంకా చూడలేదేంటని ఒకటే టెన్షన్. పాప అగ్గిపెట్టె పట్టుకొచ్చి "నాన్నా, ఇది తెరువు" అంది. "ఉండమ్మా, ఒక్క నిమిషం" అన్నాను. చూసి చూసి అది వెళ్ళి పడుకుంది. తెల్లారాక తెరిస్తే లోపల దూది మీద పాలపన్ను. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. అడుగున సన్నగా నెత్తురు ఎండిపోయి ఉంది. మొదటి పన్నురా అది! దాన్ని ఆవుపేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి కదా. మా అమ్మ పేడ ఎక్కడ సంపాదించిందో గానీ, పాపను డాబా మీదికి తీసుకెళ్ళి, మెట్లగది కప్పు మీదికి విసిరించింది. అప్పుడు నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను.

ఆ ఫోటోకి 130 దాకా లైకులు వచ్చాయి. కొట్టినవాళ్ళలో ఇప్పుడు పదిమంది పేర్లు కూడా గుర్తు లేవు. ఆ దూది మీది పన్ను మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది.

అప్పట్నుంచి ఆదివారాలు ఫోన్ ఇంట్లో పెట్టేసి అమ్మతో నల్లకుంట మార్కెట్‌కి వెళ్తున్నాను. చిక్కుడుకాయలు తూచి సంచిలో పోశాక, అమ్మ అడక్కముందే ఆ కూరగాయలామె నాలుగు రెబ్బల కరివేపాకు పైన వేస్తుంది. కొసరు! అమ్మ మొహం చూడాలిరా అప్పుడు. ఎన్నేళ్ళుగా ఇద్దరికీ పరిచయమో. వాళ్ళ కోడలికి నెలలు నిండాయని అమ్మకు తెలుసు, అమ్మ మోకాలి నొప్పి సంగతి ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చి పోపులో ఆ కరివేపాకు చిటపటలాడుతుంటే వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. మా అమ్మ జీవితంలో ఒక్క అవార్డూ తీసుకోలేదు. "ఏం సాధించావమ్మా" అని ఆవిణ్ణి అడగాలని నీకెప్పుడైనా తోచిందా? మన చదువు రోజుల్లో నీకెన్నిసార్లు అన్నం పెట్టిందో నీకే తెలుసు.

పోయిన నెల ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్న మా పెదనాన్నను చూడ్డానికి వెళ్ళాను. అక్కడి చింతచెట్టు గురించి మనం చిన్నప్పుడు విన్నాం. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చినప్పుడు 150 మంది దాకా దాన్ని ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ వరద తర్వాతే గండిపేట చెరువు కట్టారు, 1920లో. ఆ చెట్టు కింద ఒక ముసలావిడ క్యారియర్ విప్పి, చేతికి సూది కట్టుతో ఉన్న భర్తకి పెరుగన్నం ముద్దలు పెడుతోంది. ఆయన వద్దంటూనే తింటున్నాడు. నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ చెట్టెక్కినవాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలీదు. వరద తీశాక ఇళ్ళకు పోయి, పోయినవాళ్ళ కోసం ఏడ్చి, మళ్ళీ పొయ్యి వెలిగించుకుని, పిల్లల్ని పెంచుకుని ఉంటారు. ఆ కొమ్మ మీద కూర్చుని వాళ్ళు దేవుణ్ణి ఏమడిగి ఉంటారు చెప్పు? మళ్ళీ మా ఇంటికి పోయి ఇంత అన్నం వండుకునే రోజు చూపించు అనేగా! నువ్వూ నేనూ రోజూ పొద్దున్నే లేచి 'ఇంతేనా' అనుకునేది ఆ రోజునే కదరా.

పని మానేయమనడం లేదు. నీ పని నువ్వు ప్రేమగా చేస్తావు, మన బ్యాచ్‌లో నీ అంత శ్రద్ధగా చేసేవాణ్ణి నేను చూడలేదు. మేనేజర్ ఎవరైతేనేం, ఆ శ్రద్ధ నీదే. అడగాల్సింది ఆఫీసులో గట్టిగా అడుగు. ఆ గ్రూపును మాత్రం కొన్నాళ్ళు మ్యూట్‌లో పెట్టు.

సంక్రాంతికి నువ్వు రావాల్సిందే. నాంపల్లి ఎగ్జిబిషన్ జనవరి 1న మొదలవుతుంది, ఒక సాయంత్రం అందరం పోదాం. తర్వాత అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు, ఎప్పట్లాగే ఇరానీ చాయ్. పాపకి ఇంకో పన్ను ఊగుతోంది, నాలుకతో రోజంతా దాన్నే తోస్తోంది. నువ్వొచ్చేదాకా ఆగేలా లేదు గానీ, ఒకవేళ ఆగితే ముగ్గురం డాబా మీదికి వెళ్దాం. ఈసారి పేడ నేనే తెస్తాను. ఎక్కడ దొరుకుతుందో అమ్మనడిగి కనుక్కున్నాను.

నీ
నేను