ఫ్యాక్ట్‌చెక్ కాలమ్‌లో ఆధారాలూ అచ్చువేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రికలో, ప్రచారంలో ఉన్న మాట నిజమో కాదో తేల్చే ఫ్యాక్ట్‌చెక్ కాలమ్ మొదలైనప్పటి నుంచి పాఠకుల లేఖల్లో ఒకటే గొడవ. మీరు ఎవరి కథనాలు తీసుకుని వేస్తున్నారో ఆ సంస్థ ఫలానా పార్టీదని కొందరు, అవతలి పార్టీదని మరికొందరు. మొన్న ఒకాయన ఏ పార్టీ మీద ఎన్ని ‘ఫేక్’ ముద్రలు పడ్డాయో లెక్కగట్టి మరీ రాశారు. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, నాకు ఆ లెక్క దగ్గరే అభ్యంతరం. ఒక పార్టీ పేరు మీద తిరిగే అబద్ధాలు నిజంగానే ఎక్కువైతే ముద్రలూ ఎక్కువే పడతాయి. మొత్తం ఎన్ని తిరిగాయో తెలియకుండా ముద్రలు మాత్రమే లెక్కపెడితే పక్షపాతం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. పైగా ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీతో పోస్టుల పరిశీలనకు ఒప్పందం ఉన్న ఫ్యాక్ట్‌చెక్ సంస్థలకు ఒక నిబంధన ఉంది. రాజకీయ నాయకులు తమ పేరుతో పెట్టే పోస్టులు సాధారణంగా ఆ పరిశీలన కిందికి రావు. కార్యకర్త పోస్టుకు ముద్ర పడుతుంది, నాయకుడి పోస్టుకు పడదు. లెక్క ఇక్కడే సగం తప్పిపోయింది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు కొనేవాడిది ఏ పార్టీ అని అడగడు. తేమ మీటర్ ఇటు తిప్పి చూపించమంటాడు. ఫ్యాక్ట్‌చెక్ సంస్థనూ మనం అదే అడగాలి.

2023 జులై వరదలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగిపోయింది. ఆ టెన్షన్‌లో మా కాలనీ గ్రూపులో ఒక వీడియో వచ్చింది, మా హనుమకొండలోని నయీంనగర్ నాలా దగ్గర బస్సు కొట్టుకుపోతోందని. ఒక ఫ్యాక్ట్‌చెక్ సంస్థ ఆ వీడియోను ఒకచోట ఆపి, బస్సు ముందున్న బోర్డు తెలుగులో లేదని ఎర్రగా గీసి చూపించింది. అదే వీడియో కొన్నేళ్ల కిందటే యూట్యూబ్‌లో ఉందని లింకు కూడా ఇచ్చింది. నొక్కి చూశాను, తేదీ ఉంది, బస్సూ అదే. ఆ కథనం రాసినవారు ఎవరికి ఓటేస్తారన్నది నాకు అక్కర్లేకపోయింది.

కొద్దిరోజులకు అదే సంస్థ ఇంకో కథనం వేసింది. ఒక ఊళ్లో వరద సాయం అందలేదన్న పోస్టుకు ‘తప్పుదోవ పట్టించేది’ అని ముద్ర వేసింది. ఆధారం ఏమిటా అని చివరిదాకా చదివితే, ఒక అధికారికి ఫోన్ చేశారు, అందరికీ ఇచ్చేశామని ఆయన చెప్పారు. అంతే. ఆ ఊరి మనిషి ఒక్కరితో మాట్లాడలేదు. సాయం పంచాల్సిన ఆఫీసు మీద ఫిర్యాదు వస్తే, పంచామని ఆ ఆఫీసు చెప్పిన మాటే రుజువు ఎట్లా అవుతుంది? రాసినవారికి ఎవరో డబ్బిచ్చారని నేననుకోవడం లేదు. హైదరాబాద్‌లో కూర్చున్నవారికి అధికారి నంబరు దొరుకుతుంది, వాగు పక్క ఊరివాళ్ల నంబరు దొరకదు. పక్షపాతం ఇట్లా కూడా వస్తుంది, ఎవరూ కావాలని చేయకుండానే.

తన పనుల గురించి ఏది ఫేకో తన విభాగమే తేల్చేలా కేంద్ర ప్రభుత్వం 2023లో, సోషల్ మీడియాకు వర్తించే ఐటీ నిబంధనలు మార్చింది. 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. స్వతంత్ర సంస్థ కూడా ఒక్క అధికారి మాట మీదే తీర్పు చెబితే తేడా ఏముంది?

మీరు కథనాలు తీసుకునే సంస్థకు అంతర్జాతీయ ఫ్యాక్ట్‌చెకింగ్ నెట్‌వర్క్ గుర్తింపు ఉంది, అది చాలదా అని ఒక పాఠకురాలు రాశారు. అమెరికాలో జర్నలిజం నేర్పే పాయింటర్ ఇన్‌స్టిట్యూట్ 2015లో పెట్టిన సంస్థ అది. డబ్బు ఎక్కడిదో చెప్పాలి, పద్ధతి చెప్పాలి, తప్పును బాహాటంగా దిద్దుకోవాలి, ఏ పక్షమూ పట్టకూడదు అంటుంది. మంచి నియమాలే, బయటివారితో మదింపు కూడా చేయిస్తుంది. అయినా ప్రతి కథనాన్నీ వాళ్లు చూడరు. ఫొటోలు, వీడియోల తీర్పులు ఒక రకం. ‘సగం నిజం’, ‘సందర్భం లేదు’ అనే తీర్పులు ఇంకో రకం. అమెరికాలో రెండు పేరున్న సంస్థల తీర్పులను పోల్చిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. పచ్చి అబద్ధాల దగ్గర రెండూ చాలావరకు ఒకే మాట చెప్పాయి, మధ్యరకం మాటల దగ్గర పొంతన బాగా తగ్గింది. కాబట్టి ఒకే సంస్థను ఒక పనిలో గట్టిగా నమ్మి, ఇంకో పనిలో గట్టిగా ప్రశ్నించవచ్చు.

ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన వీడియోల్లో ఒకటి, పిల్లల భద్రత మీద కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాడిని తిరిగి అప్పగించే ముక్క కోసేసి పంపారు. ఆ మే నెలలో అలాంటి పుకార్లకు నిజామాబాద్ జిల్లాలో, హైదరాబాద్‌లో ఏ పాపం తెలియని మనుషుల ప్రాణాలు పోయాయి. ఈ పని చేసేవాళ్లు మనకు కావాలి. వాళ్ల మాట జనం నమ్మేలా ఉండాలి కూడా.

అందుకే మీకు నా విన్నపం. కాలమ్‌లో ముద్ర ఒక్కటే వేయకండి. ఆ మాట మొదట ఎవరు అన్నారు, ఎవరెవరితో మాట్లాడారు, బాధితుల పక్షం అడిగారా, పాఠకులు తామే చూసుకోగల ఆధారం ఏది, ఇవన్నీ నాలుగు లైన్లలో వేయండి. అధికారి మాట తప్ప ఇంకేమీ దొరక్కపోతే ముద్ర వేయకుండా ‘తేలలేదు’ అని రాయండి. ఆ సంస్థ తన కథనాన్ని తర్వాత మారిస్తే ఆ సవరణను అదే పేజీలో, అదే సైజులో వేయండి. పాఠకులు పంపినవాటిలో ఏవి పరిశీలనకు తీసుకున్నారు, ఏవి వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న జాబితా నెలకోసారి ఇవ్వండి. పక్షపాతం లెక్క కట్టాలనుకునే పాఠకులకు అప్పుడు సరైన లెక్క దొరుకుతుంది.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, హనుమకొండ