సూ సెయింట్ మరీకి అరగంట చాలదు

సంపాదకులకు,

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం రాసే ప్రయాణ కథనాల్లో, మిషిగన్ ఉత్తర కొసన కెనడాను ఆనుకుని ఉన్న సూ సెయింట్ మరీకి రెండు వాక్యాలు దక్కడమే గొప్ప. మిషిగన్ రెండు భాగాలను కలిపే మాకినా వంతెన చూశాక ఓ అరగంట ఆగే చోటుగా చెప్పి వదిలేస్తారు. అక్కడ చూడాల్సింది ఓడలను ఎత్తి దించే లాకులు, అంటే తలుపులున్న నీటి గదులు. ఆ ఓడలు గంట కొట్టినట్టు రావు. అరగంట నిలబడితే కనిపించేది గోడల మధ్య నిలిచిన నీళ్లే. ఆ ఊరికి ఒక పగలంతా కేటాయించాలి.

సుపీరియర్ సరస్సు నీరు సెయింట్ మేరీస్ నదిగా హ్యూరాన్ సరస్సు వైపు సాగుతూ ఇక్కడ రాళ్ల మీదుగా 21 అడుగులు దిగుతుంది. ఓడలను ఆ దిగుడు దాటించడానికే 1855లో లాకులు తెరిచారు. ఇప్పుడున్న వాటిలో పెద్దదైన పో లాకు పొడవు 1,200 అడుగులు, వెడల్పు 110. 105 అడుగుల వెడల్పున్న ఓడ అందులో దూరితే అటూ ఇటూ మిగిలేది రెండున్నర అడుగులే! నీటిని ఎక్కించడానికి పంపుల్లేవు. ఎగువకు పోయే ఓడ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, అడుగునున్న సొరంగాల తూములు ఎత్తుతారు. ఎగువ నీరు తనంతట తానే వచ్చి నిండుతుంది. రెండు వైపులా మట్టం సమమయ్యాకే ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఒక్క ఓడను ఎత్తడానికి పట్టే నీరు రెండు కోట్ల గ్యాలన్ల పైమాటే.

లాకుల ఒడ్డునున్న పార్కు పక్కనే ఉన్నది 1943 నాటి మెకార్థర్ లాకు. అందులోకి వచ్చే ఓడను కంచె దగ్గర నిలబడే చూడొచ్చు. వెయ్యి అడుగుల ఓడలు దాని వెనకున్న పో లాకులోకి పోతాయి కాబట్టి వాటికోసం ఎత్తైన వేదిక ఎక్కాలి. ఏ లాకులోనైనా ఎగువకు వెళ్లే ఓడనే ఎంచుకోండి, కళ్లముందే పైకి లేస్తుంది. ఏ ఓడ ఎప్పుడొస్తుందో సందర్శక కేంద్రంలో రాసి ఉంచుతారు. పొగమంచు, గాలి, ముందున్న ఓడల వరుస వల్ల ఆ వేళలు జారిపోతుంటాయి. ఓడల జాడ చూపే ఫోన్ యాప్‌తో సరిచూసుకోవడం మేలు.

జనవరి 15 నుంచి మార్చి 25 దాకా మరమ్మతుల కోసం లాకులు మూస్తారు. క్రిస్మస్ సెలవుల్లో ఓడలు తిరుగుతాయి గానీ సందర్శక కేంద్రం తెరిచేది మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకే. జూన్ చివరి శుక్రవారం ఇంజినీర్స్ డే. ఆ రోజు లాకు గోడల మీదికే జనాన్ని రానిస్తారు, వీలైతే అప్పుడే వెళ్లండి.

ఓడ ఆలస్యమైతే, 1917లో కట్టిన వ్యాలీ క్యాంప్ అనే ఓడ మ్యూజియం ఉంది. 1975 నవంబరు 10న 29 మందితో సుపీరియర్‌లో మునిగిన ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఓడ తాలూకు లైఫ్‌బోట్లు రెండు అందులో ఉన్నాయి. నలిగి చీలిన ఆ రేకు చూస్తే తుఫాను బలం అర్థమవుతుంది. ఊరంతా పైనుంచి చూపే 210 అడుగుల టవర్ ఆఫ్ హిస్టరీకి లిఫ్టు ఉంది కాబట్టి పెద్దవాళ్లకూ ఇబ్బంది లేదు.

సెయింట్ మేరీస్ నది మీది అంతర్జాతీయ వంతెన అవతల, అదే పేరున్న కెనడా ఊళ్లో 1895 నాటి లాకు ఉంది. ప్రపంచంలో విద్యుత్తుతో నడిచిన తొలి లాకు అదే. దాని ఎగువన, కాలువకు అడ్డంగా తిప్పగలిగే అత్యవసర ఆనకట్ట అరుదైనది. 1909లో ఒక ఓడ తలుపులను గుద్ది విరగ్గొడితే, ఉప్పెనలా పడుతున్న నీటిని ఈ ఆనకట్టే ఆపింది. 1987లో గోడ దెబ్బతిని మూతపడిన లాకులోనే చిన్న లాకు కట్టి 1998లో తెరిచారు. ఇప్పుడు దాన్ని విహార పడవలకే వాడుతున్నారు.

అయితే భారత పాస్‌పోర్టు ఉన్నవారు అమెరికా వీసా ఒక్కదానితో వంతెన దాటలేరు, కెనడా వీసా ముందే తీసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ కార్డూ పాస్‌పోర్టూ చాలు. వీసా లేకుంటే అమెరికా వైపే పగలంతా గడపడానికి కావలసినంత ఉంది. ఈ ఊరి గురించి వేసేటప్పుడు లాకులు మూసే తేదీలు, వీసా సంగతి కూడా జతచేయగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు