రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకూ, వారి వెంట నిలబడిన కుటుంబాలకూ కార్యవర్గం తరఫున నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం కలిసి చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు పెడుతున్నాను. హన్మకొండలో మన శనివారం సమావేశాలకు ఈ ఏడు వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి నుంచే కాకుండా కరీంనగర్ దిక్కు నుంచి కూడా కొత్తవాళ్లు వచ్చారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం మనకు బాగా కలిసొచ్చింది. ఛార్జీల డబ్బు ఇంట్లో అడగలేక మధ్యలో మానేసేవాళ్లు, ఇప్పుడు అడగాల్సిన పని లేకుండానే వస్తున్నారు.

ఈ ఏడాది మన పనిలో వచ్చిన పెద్ద మార్పు కొత్త సభ్యురాలిని మొదట అడిగే ప్రశ్నలో ఉంది. ఏ స్టేజి, ఎన్ని కీమోలు అనేవి ఫైలులో ఎలాగూ ఉంటాయి. మేం ముందుగా అడిగేది, "ఆ చెయ్యితో నీకు ఏం పని పడుతుంది?" అని. జవాబును బట్టి ఫిజియో మేడం ఆమెకు వ్యాయామాలు రాసిస్తారు. బీడీలు చేసే చెయ్యికీ, బోర్డు మీద రాసే చెయ్యికీ, పత్తి ఏరే చెయ్యికీ ఒకే కాగితం సరిపోదని మా గట్టి అభిప్రాయం.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. రొమ్ము ఆపరేషన్‌లో చాలాసార్లు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీస్తారు. కుట్లు మానే క్రమంలో ఛాతీ ముందు భాగం, చంక బిగుసుకుంటాయి. కొందరికి చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగలాంటిది లాగినట్టు తగులుతుంది. నొప్పికి భయపడి చెయ్యిని ఒంటికి ఆనించుకుని కూర్చుంటే భుజం ఇంకా పట్టేస్తుంది. "పచ్చి ఒళ్లు, చెయ్యి కదపకు" అని చుట్టుపక్కలవాళ్లు ప్రేమతోనే చెప్తారు. కానీ ఆపరేషన్ మర్నాటి నుంచే వేళ్లు ముడిచి తెరవడం, మోచెయ్యి వంచి చాపడం, ఊపిరి నిండా పీల్చడం చేయాలి. డ్రెయిన్, అంటే గాయంలో ఊరే నీరు బయటికి పోవడానికి పెట్టే గొట్టం, ఉన్నన్నాళ్లు చెయ్యి భుజం ఎత్తు దాటించకూడదు. అది తీసేసి, డాక్టరు సరే అన్నాక గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని తల మీదికి ఎత్తడం మొదలుపెట్టాలి. రొమ్మును మళ్లీ నిర్మించే ఆపరేషన్ కూడా అయినవాళ్లు మాత్రం సర్జన్ చెప్పిన గడువే పాటించాలి.

ఇందులో తొందర ఎందుకంటే, రేడియేషన్ ఇచ్చేటప్పుడు మామూలుగా చెయ్యి తల పైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే ఆ ప్లానింగే ఆగిపోతుంది. ఈ ఏడు మన దగ్గరికి వచ్చిన ఒకామెకు సరిగ్గా ఇదే జరిగింది. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, కుట్లు విప్పే తేదీ తప్ప చెయ్యి గురించి ఒక్క ముక్క లేదు. రేడియేషన్‌కు పోతే చెయ్యి లేవడం లేదని వెనక్కి పంపారు. మన హాల్లో గోడ మీద చాక్‌పీసు గీతలు చూసే ఉంటారు. ఎవరి వేళ్లు ఆ వారం ఎక్కడిదాకా పాకాయో అక్కడ ఒక గీత, పక్కన తేదీ. ఆమె మొదటి గీత దాదాపు నడుము ఎత్తులో ఉంది. చివరిది కిటికీ పైచట్టం దాటింది. రేడియేషన్ పూర్తయింది. సున్నాలు వేసేటప్పుడు ఆ గోడను వదిలేయమని హాలు యజమానిని అడిగాం, ఆయన ఒప్పుకున్నారు.

ఎవరికి తగ్గట్టు వాళ్లకు వ్యాయామం అనేది మనం సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. బ్రిటన్‌లో 392 మంది మీద జరిపిన ప్రాస్పర్ అనే అధ్యయనం 2021లో వచ్చింది. భుజం పట్టేసే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు, ఆపరేషన్ అయిన వారం పది రోజులకే ఫిజియోథెరపిస్టు దగ్గరుండి, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి వ్యాయామాలు మొదలుపెట్టించారు. ఏడాది తిరిగేసరికి, కాగితం ఇచ్చి పంపినవాళ్ల కంటే వీళ్ల చెయ్యి బాగా పనిచేసింది, నొప్పి కూడా తక్కువగా ఉంది.

మన దగ్గర అది ఎలా నడిచిందో ఒక బీడీ కార్మికురాలి సంగతి చెప్తాను. చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచి, రెండు భుజాలు ముందుకు వాల్చి గంటలకొద్దీ చేసే పని అది. తునికాకు కత్తిరించడానికీ, చుట్టి దారం కట్టడానికీ వేళ్లు ఆగవు. పైచెయ్యి మాత్రం కదలదు. ఛాతీ బిగుసుకుపోయిన మనిషికి అంతకంటే ఇబ్బందైన కూర్చోవడం ఇంకోటి ఉండదు. పని మానేయమని చెప్పడం తేలిక, ఆ మాట వింటే ఆమెకు పూట గడవదు. ఫిజియో మేడం ఆమెతో చాట తెప్పించి, తన ముందే కూర్చోబెట్టి చూశారు. చాట కింద దిండు పెట్టించి ఎత్తు పెంచారు. వీపు గోడకు ఆనించమన్నారు. ఒక కట్ట పూర్తయిన ప్రతిసారీ చాట పక్కన పెట్టి, భుజాలు వెనక్కి తిప్పి, రెండు చేతులూ పైకి ఎత్తి దించమన్నారు. గడియారం చూసి చేయమంటే ఎవరూ చేయరు, కట్టల లెక్క మాత్రం ఆమె ఎప్పుడూ మరిచిపోదు. ఇప్పుడు ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లు కూడా మెడ నొప్పులకని ఆమెతోపాటే చేతులెత్తుతున్నారట.

ఇంకొకామె తన కోరిక బతుకమ్మ అని చెప్పింది. సద్దుల నాడు తల మీద బతుకమ్మ పెట్టుకుని పద్మాక్షి గుండం దాకా నడవాలి, వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ ఆడాలి. చూడబోతే ఆ ఆటలో భుజానికి కావలసిన కదలికలు దాదాపు అన్నీ ఉన్నాయి. శ్రావణం నుంచే మొదలుపెట్టింది. ముందు తల మీద మడిచిన టవలు, తర్వాత ఖాళీ తాంబాలం, తర్వాత అందులో గ్లాసుతో కొలిచిన బియ్యం. అక్టోబరు 10న పెద్ద బతుకమ్మను వాళ్ల వదిన ఎత్తుకుంది, ఈమె పిల్ల బతుకమ్మను ఎత్తుకుంది. ఆట మాత్రం చివరి పాట దాకా ఆపలేదు. చూడటానికి పోయిన మాలో చాలామందికి కళ్లు తడిశాయి.

ఇక చెయ్యి వాపు, అంటే లింఫెడిమా. చంక గ్రంథులు మొత్తం తీసినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి పరీక్షించినవాళ్లకు ప్రమాదం చాలా తక్కువ. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా రావచ్చు. మన ఆడవాళ్లకు టేపు కంటే ముందు జాకెట్టు చెప్తుంది. ఒక చెయ్యి కుట్టు దగ్గర బిగుతుగా పట్టి గీత పడటం, నిన్నటిదాకా ఎక్కిన గాజులు ఎక్కకపోవడం, చెయ్యి బరువనిపించడం కనిపిస్తే ఆగకుండా రండి. మొదట్లో పట్టుకుంటే కట్టు, స్లీవ్ (చెయ్యికి బిగుతుగా తొడిగే సాగే తొడుగు), వ్యాయామం, చర్మం జాగ్రత్తతో అదుపులో ఉంటుంది. ఆలస్యమైతే ఆ వాపు గట్టిపడుతుంది. మూడు నెలలకోసారి రెండు చేతులూ ఒకే చోట్ల కొలిచి కార్డు మీద రాస్తున్నాం. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే వెంటనే డాక్టరుకు చూపిస్తున్నాం.

పత్తి ఏరే సభ్యులకు నా ప్రత్యేక మనవి. ఎండిన కాయ మొనలు వేళ్లకు గీసుకుంటే ఆ సన్న గీత నుంచే ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది. గ్లవ్స్ వేసుకోండి. పత్తి సంచి తాడు ఆపరేషన్ వైపు భుజానికి తగిలించకండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది పసుపుతో తగ్గేది కాదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, యాంటీబయాటిక్ పడాలి.

బరువు ఎత్తితే వాపు వస్తుందన్న భయంతో కొందరు నీళ్ల బిందె కూడా ముట్టడం లేదు. అమెరికాలో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో చెయ్యి వాచినవాళ్లకే పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ వ్యాయామం చేయిస్తే వాపు పెరగలేదు, పైగా ఉన్నట్టుండి వాపు ఎక్కువయ్యే బాధ తగ్గింది. మెల్లగా పెంచడమే ఇందులో కీలకం. అరలీటరు నీళ్ల బాటిల్‌తో మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు బిందె దాకా వచ్చారు.

సెప్టెంబరు వానలు మనల్ని బాగా కుదిపాయి. 1వ తేదీన కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మహబూబాబాద్, డోర్నకల్ వైపు సభ్యులు కీమోకు, డ్రెస్సింగుకు బయల్దేరలేకపోయారు. ఆ వారమంతా మన వాలంటీర్లు ఫోన్ల మీదే ఉన్నారు. ఎవరి మందులు అయిపోతున్నాయో కనుక్కోవడం, డాక్టరుతో మాట్లాడి తేదీలు మార్పించడం, దగ్గర్లో డ్రెస్సింగు చేయగల నర్సును చూసిపెట్టడం. వీడియో కాల్‌లో వ్యాయామం చేయించడం అప్పుడే మొదలైంది. పొలం పనులప్పుడు రాలేనివాళ్ల కోసం దాన్ని కొనసాగిస్తున్నాం.

మనసు సంగతికి వస్తే, దాన్ని చెయ్యి వ్యాయామం నుంచి విడదీయకూడదని ఈ ఏడాది మాకు ఇంకా స్పష్టమైంది. నిద్ర లేని మనిషి వ్యాయామం చేయదు. చెయ్యి లేవని మనిషికి దిగులు తగ్గదు. అందుకే కొలతల కార్డు మీదే "ఈ వారం టెన్షన్ సున్నా నుంచి పది దాకా ఎంత?" అని కూడా అడుగుతున్నాం. నాలుగు, ఆపైన చెప్పినవాళ్లతో కౌన్సెలర్ విడిగా కూర్చుంటారు. రాత్రిపూట తట్టుకోలేనట్టు ఉంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఎప్పుడైనా, డబ్బు లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎక్కువమందిని కుంగదీసింది చావు భయం ఒక్కటే కాదు. ఇంట్లో పళ్లెం, గ్లాసు వేరు చేయడం. బిడ్డ పెళ్లి సంబంధం చెడిపోతుందని ఎవరికీ చెప్పొద్దనడం. క్యాన్సర్ అంటుకునేది కాదు, ఎంగిలితో రాదు, ఒకే పక్క మీద పడుకుంటే రాదు. ఈ మాట ఇంటికి పోయి చెప్పడానికి, తనకూ ఆపరేషన్ అయిన మన సభ్యురాలే పోతుంది. ఒక ఊళ్లో మన అక్క ఏం ఉపన్యాసం ఇవ్వలేదు. వేరుగా పెట్టిన ఆ గ్లాసులోనే చాయ్ అడిగి, అత్తగారి ముందే తాగింది. "నాకూ ఇదే జబ్బు అవ్వా, ఎనిమిదేండ్లాయె" అన్నది. ఆ అవ్వ మరుసటి నెల కోడలిని వెంటబెట్టుకుని తనే శనివారానికి వచ్చింది. 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆమె తనకు ఆపరేషన్ అయ్యాక ఏం చేయాలో చెప్పే దిక్కు లేక, తనలాంటివాళ్ల మంచం దగ్గరికి పోయి మాట్లాడటం మొదలుపెట్టింది. అనుభవించిన మనిషి చెప్పే మాటకున్న బలం అక్కడా ఇక్కడా ఒకటే.

మగవాళ్ల కోసం కూడా ఈ ఏడు విడిగా ఒక గంట పెట్టాం. అంతకుముందు వాళ్లు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లు. ఒక భర్త చెప్పిన మాట ఆయన అనుమతితోనే రాస్తున్నాను: "ముట్టుకుంటే నొప్పయితదేమోనని దూరంగ ఉన్న సార్. ఆమె వేరే అనుకున్నది." ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడానికి కౌన్సెలర్‌కు చాలా ఓపిక పట్టింది. జబ్బు తిరగబెట్టకుండా వాడే టామాక్సిఫెన్ మాత్ర వల్ల వచ్చే ఒంటి ఆవిర్లు, చిరాకు, దాంపత్యంలో ఇబ్బందులు కూడా అక్కడ సిగ్గుపడకుండా మాట్లాడుకుంటున్నారు. ఏదైనా ఇబ్బందే అయితే డాక్టరుకు చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు మానేయకండి.

కుట్టుపని తెలిసిన సభ్యులు తీసేసిన రొమ్ము చోట జాకెట్టు లోపల పెట్టుకోవడానికి మెత్తటి నూలు గుడ్డతో, దూదితో ప్యాడ్లు కుడుతున్నారు. ఉట్టి దూది పైకి జరిగిపోతుంది కాబట్టి లోపల చిన్న సంచిలో రాగులు పోసి బరువు కలుపుతున్నారు. ఉతికే ముందు ఆ సంచి తీసేయాలి. ప్యాడ్ వద్దనుకునేవాళ్లను ఎవరూ బలవంతపెట్టకండి, అది వాళ్ల ఇష్టం.

ఈ ఏడు కొందరు అక్కలు మనల్ని విడిచిపోయారు. కుటుంబాల కోరిక మేరకు పేర్లు రాయడం లేదు. జబ్బు తిరగబెట్టినవాళ్లను మనం దూరం పెట్టలేదని, చివరిదాకా ఇంటికి పోయామని చెప్పగలుగుతున్నందుకు వాలంటీర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను. నొప్పి భరించలేనప్పుడు ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) కేంద్రాల్లో మందులు దొరుకుతాయి. అక్కడికి పోవడమంటే ఆశ వదులుకోవడం కాదు.

ఖర్చులో పెద్ద భాగం స్లీవ్‌లకూ, కట్లకూ పోయింది. స్లీవ్ సాగిపోతే మార్చాలి, మన సభ్యుల్లో దాదాపు అందరూ సొంత డబ్బుతోనే కొంటున్నారు. ఆపరేషన్ చికిత్సతోపాటే స్లీవ్, ఫిజియోథెరపీ కూడా ప్రభుత్వ పథకంలో చేర్చాలని వినతిపత్రం తయారుచేశాం. అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం జరిగే గులాబీ రిబ్బన్ల ర్యాలీలకు మనల్ని పిలిచినవాళ్లందరికీ ఆ ప్రతి ఇచ్చి సంతకం అడగబోతున్నాం.

సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పత్రం అందరికీ ఇస్తాం, వినతిపత్రం మీద సంతకాలు తీసుకుంటాం. భోజనాలకు ముందే చేతుల కొలతలు కూడా ఉంటాయి కాబట్టి వదులు చేతుల జాకెట్టు వేసుకుని, పాత కార్డు వెంట తెచ్చుకోండి.

కార్యదర్శి